అక్క జెల్లీబిళ్ళలు

అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకే ఆసుపత్రిలో, ఒకే డాక్టరమ్మ చేతుల మీదుగా, వారం తేడాతో బరువు తగ్గే ఆపరేషన్ జరిగింది. విన్నవాళ్ళు ఎంత ప్రేమో అనుకున్నారు. ప్రేమా లేదు, దోమా లేదు. ముందు చెల్లెలు నిర్ణయించుకుంది. ఆ సంగతి అమ్మ నోరు జారి అక్క చెవిన పడింది. చిన్నప్పుడు బడిలో వాళ్ళను పెద్ద పీపా, చిన్న పీపా అనేవాళ్ళు. చిన్న పీపా సన్నబడిపోయి, తానొక్కతే పీపాగా మిగిలిపోతుందన్న ఆలోచన అక్కకు కంటిమీద కునుకు లేకుండా చేసింది. తెల్లారగానే ఆసుపత్రికి ఫోన్ చేసి, తన బ్యూటీ పార్లర్‌కు వచ్చే ఒక పెద్దావిడ చేత చెప్పించి, చెల్లెలికంటే వారం ముందు తేదీ సంపాదించింది.

"ఆలోచన నాది, కోత ముందు నీకా?" అంది చెల్లెలు.

"పెద్దదాన్ని కదా. ఏదైనా ముందు నాకే," అంది అక్క.

మొదటి నుంచీ వాళ్ళ మధ్య అంతే. అక్కది నోరు, చెల్లెలిది మౌనం. కానీ ఆ మౌనంలో కూడా ముళ్ళుండేవి. చెల్లెలు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. పెళ్ళి చేసుకోలేదు, అమ్మ ఆమెతోనే ఉంటుంది. అక్కకు పార్లర్ ఉంది, అచ్చాఫీసులో పనిచేసే మొగుడున్నాడు. బావ నెమ్మదస్తుడు. భార్య మాట్లాడుతుంటే తలుపులాగా పక్కకు జరిగి నిలబడతాడు.

ఆపరేషన్లయ్యాక మొదటిసారి పరీక్షకు వచ్చినప్పుడు డైటీషియన్ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టింది. బల్ల మీద మాత్రల డబ్బాలు వరసగా పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

"మీ పొట్ట ఇప్పుడు కోడిగుడ్డంత. తిన్నది పేగులో కొంత భాగాన్ని దాటేసి పోతుంది. తిండిలోంచి విటమిన్లు పీల్చుకునే చోటు అదే. కాబట్టి ఎంత మంచి తిండి తిన్నా చాలదు. మాత్రలు ఇక జీవితాంతం. నాలుగు నెలలు వేసుకుని ఒళ్ళు బాగుందని మానేసేవి కావు."

ఒక డబ్బా చూపించింది. నమిలే మాత్రలు, ఐరన్‌తో సహా అన్నీ కలిసినవి. ఇంకోటి నాలుక కింద పెట్టుకునే బి ట్వెల్వ్. మూడోది కాల్షియం, అందులోనూ సిట్రేట్ అని రాసినదే తీసుకోవాలంది. ఎందుకంటే మామూలు కాల్షియం కరగడానికి కావాల్సినంత ఆమ్లం ఈ చిన్న పొట్టలో ఊరదు.

"ఒకటి గుర్తుపెట్టుకోండి. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదు. రెండూ కొట్టుకుంటాయి. మధ్యలో రెండు గంటలైనా ఎడం ఉండాలి."

"మా ఇద్దరిలాగే అన్నమాట," అంది అక్క.

డైటీషియన్ నవ్వి, ఇద్దరికీ రుచి చూడమని చెరో మాత్ర ఇచ్చింది. చెల్లెలు నమిలింది. గోడ సున్నం గీకి తుప్పు కలిపి తిన్నట్టుంది. కళ్ళలో నీళ్ళు తిరిగినా మింగింది. అక్క రెండుసార్లు నమిలి, కాగితం రుమాల్లోకి ఉమ్మేసి, ఆ ఉండను బల్ల మీదే పెట్టింది.

"ఇంతకంటే మంచివి దొరకవా? మా కస్టమరు ఒకావిడ జెల్లీబిళ్ళలు వాడుతోంది. అన్ని విటమిన్లూ ఉన్నాయట. నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి."

"ఆ జెల్లీబిళ్ళల్లో ఐరన్ ఉండదండీ. బి విటమిన్లు మీకు కావాల్సినంత ఉండవు. మామూలు పొట్టలవాళ్ళు తింటే తిన్నారు. మీకు మాత్రం వద్దు. పైగా మీరు ఏళ్ళ తరబడి షుగరు మాత్రలు వాడినవారు."

"ఈవిడకు ఈ డబ్బాలవాళ్ళు ఎంతిస్తారో," అంది అక్క వరండాలోకి రాగానే, గదిలోకి వినపడేంత గట్టిగా.

చెల్లెలు మందుల దుకాణంలో మూడు డబ్బాలూ కొనుక్కుంది. అక్క దుకాణం మెట్టు కూడా ఎక్కలేదు.

ఆ తర్వాతి నెలల్లో చెల్లెలు పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఐరన్ వేసుకున్న పూట కడుపు బిగుసుకుపోయేది. కారులో నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుంటే తుప్పు తేన్పులు వచ్చేవి. కిటికీ వైపు తిరిగి నోరు మూసుకునేది. దువ్వెన పెడితే గుప్పెడు జుట్టు ఊడొచ్చేది. తొందరగా బరువు తగ్గితే కొన్నాళ్ళు అలాగే ఊడుతుందని డైటీషియన్ ముందే చెప్పినా, స్నానాలగది జాలీలో చుట్టుకున్న జుట్టు చూస్తే ఏడుపొచ్చేది.

అక్కకూ జుట్టు ఊడింది. కానీ అక్క చేతిలో పార్లర్ ఉంది. పొట్టిగా కత్తిరించి, రంగు వేసి, పైకి లేపి దువ్వుకుంటే ఎవరికీ తెలియలేదు. రోజూ నాలుగైదు జెల్లీబిళ్ళలు చప్పరించేది. అవి చాలవన్నట్టు జుట్టు కోసమని వేరే జెల్లీబిళ్ళలు తెప్పించుకుంది. ముఖం మెరిసేది, నడుము సన్నబడింది. కస్టమర్లు అడగడం మొదలుపెట్టారు. జెల్లీబిళ్ళలు తయారుచేసేవాళ్ళ దగ్గర అక్క పేరు నమోదు చేయించుకుని సీసాలు తెప్పించి, పార్లర్ అద్దాల కింద వరసగా పేర్చింది.

అమ్మ చెల్లెలి ఇంట్లోనే ఉంటూ, చెల్లెలు చేసిపెట్టిందే తింటూ, అక్కను మెచ్చుకునేది.

"అది చూడు, ఎలా మెరిసిపోతోందో. నువ్వేమో ఎండలో మరిచిపోయిన వంకాయలా తయారయ్యావు. అది వేసుకునేవే నువ్వూ వేసుకోకూడదూ?"

"నేను తినేది విటమినమ్మా, మిఠాయి కాదు."

"మిఠాయి తిన్నదే బాగుందిగా మరి!"

ఒకరోజు చెల్లెలి దగ్గర కారు నేర్చుకునే కుర్రది సీటు బెల్టు పెట్టుకుంటూ సంచీలోంచి ఒక కరపత్రం తీసింది. "మేడమ్, ఇందులో ఉన్నది మీరేనా?" అంది.

కరపత్రంలో రెండు ఫొటోలున్నాయి. 'అప్పుడు' అన్నదాని కింద అక్కాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడ్డ పాత ఫొటో. అందులో అక్క సగం చెల్లెలి వెనక దాక్కుంది. ముందు కనపడేదంతా చెల్లెలే. గళ్ళచొక్కా బొత్తాములు పొట్ట దగ్గర నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. 'ఇప్పుడు' అన్నదాని కింద ఎర్రచీరలో అక్క ఒక్కతే, చేతిలో జెల్లీబిళ్ళల సీసా.

చెల్లెలు ఆ పాఠం ఎలా ముగించిందో ఆమెకే గుర్తులేదు. సాయంత్రం నేరుగా అచ్చాఫీసుకు వెళ్ళి బావను బయటకు పిలిచింది.

"మీరేనా అచ్చువేసింది?"

బావ చేతికంటిన సిరా గుడ్డకు తుడుచుకుంటూ నేలచూపులు చూశాడు. "ఫొటో మీ అక్క ఇచ్చింది. నీకు చెప్పిందనుకున్నాను."

"అనుకున్నారా, అనుకోవాలనుకున్నారా?"

అక్కకు ఫోన్ చేస్తే ఒకటే మాట. "అది నా ఫొటో కూడా. నువ్వు అడ్డంగా నిలబడితే నేనేం చేసేది?"

కొన్నాళ్ళు మాటల్లేవు. ఆ తర్వాత ఒక ఉదయం చెల్లెలు స్కూలుకు వెళ్ళేసరికి కారు పక్కన అక్క నిలబడి ఉంది. సీసాల పెట్టెలు మోయడానికి పాత వ్యాను కొన్నారట, బావకు అచ్చాఫీసు నుంచి తీరిక దొరకదట, అందుకని తనే నేర్చుకుంటుందట. ఓనరు దగ్గర ఫీజు కట్టి, నేర్పడానికి చెల్లెలే కావాలని మరీ అడిగింది.

"ఇంకెవరూ దొరకలేదా?"

"ఫీజు కట్టాను. కస్టమరుతో మాట్లాడే పద్ధతి అదేనా? ఏదీ, రండి మేడమ్ అను."

చెల్లెలు అనలేదు. తలుపు మాత్రం తీసింది.

మొదటి పాఠాలు తిట్టుకోవడంతోనే గడిచాయి. అక్క గేరు మారిస్తే కారు గోల పెట్టేది. చెల్లెలు ఏమంటే దానికి ఎదురు సమాధానం సిద్ధంగా ఉండేది. అయితే అక్క మాటిమాటికీ కిందికి చూస్తోంది.

"పాదాల వైపు చూడకు. రోడ్డు చూడు."

"చూడకపోతే కాలెక్కడుందో ఎలా తెలుస్తుంది?"

కొత్తవాళ్ళందరూ కిందికి చూస్తారు. కానీ వాళ్ళు వెతికేది బ్రేకును. తన కాలెక్కడుందో తను వెతుక్కునే మనిషిని చెల్లెలు అదే మొదటిసారి చూడటం.

నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఒక ముసలాయన సైకిలు తోసుకుంటూ అడ్డం వచ్చాడు.

"బ్రేక్," అంది చెల్లెలు. కారు ఆగలేదు. "అక్కా, బ్రేక్!"

"నొక్కాను కదే!"

చెల్లెలు తన వైపు బ్రేకును రెండు కాళ్ళతో తొక్కింది. ఇద్దరూ ముందుకు తూలారు. సైకిలు చక్రానికీ బంపరుకూ మధ్య జానెడు చోటు మిగిలింది. ముసలాయన తిట్టిన తిట్లన్నీ విని, కారును పక్కకు తీయించి, చెల్లెలు కిందికి వంగి చూసింది. అక్క కుడికాలు బ్రేకు పక్కన ఉత్త నేలను బలంగా అదిమి పట్టుకుని ఉంది. కాలికి చెప్పు లేదు. అది ఎప్పుడు ఊడిపోయిందో సీటు కిందికి దొర్లిపోయి ఉంది.

"నీ చెప్పేది?"

"కాలికే ఉంది."

"చూసుకో."

అక్క చూసుకుంది. ముఖంలో రంగు మారింది, మరుక్షణం సర్దుకుంది. చెల్లెలు అడగకుండానే ఇంటి తాళంచెవి తీసి ఆమె బొటనవేలి మీద గుచ్చింది. అక్క కదల్లేదు. ఇంకా గట్టిగా గుచ్చింది.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అంది అక్క.

"ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?"

"ఏముంది? రోజంతా నిలబడే పని. కాస్త తిమ్మిరి, చీమలు పాకినట్టుంటుంది. అందరికీ ఉంటుంది."

"నాకు లేదు. నువ్వు తినేవి నీకు చాలట్లేదు అక్కా. ఇవాళే వెళ్ళి పరీక్ష చేయించుకో."

"అలా చెప్పు! ఇన్నాళ్ళకు దొరికింది నీకు వంక. నా సీసాలు అమ్ముడుపోతుంటే నీ కడుపు మండుతోంది. నేను బాగుండటం చూడలేవు నువ్వు. పుట్టినప్పటి నుంచీ చూడలేవు."

"ఆయన సైకిలు కింద పడుంటే..."

"పడలేదుగా!"

అక్క చెప్పు చేత్తో పట్టుకుని దిగి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

వెళ్ళిన మనిషి ఊరుకోలేదు. ఆ ఆదివారం చెల్లెలి ఇంటికి వచ్చి, సోఫాలో కూర్చుని, ఒక రక్తపరీక్ష రిపోర్టు చెల్లెలి ఒళ్ళో పడేసింది.

"చదువు. అమ్మకు వినపడేలా గట్టిగా చదువు."

చెల్లెలు చదివింది. బి ట్వెల్వ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. డి విటమిన్ కూడా బ్రహ్మాండంగా ఉంది.

"నీది చూపించు."

చూపించడానికి చెల్లెలికి మనసు రాలేదు. ఆమె రిపోర్టు ఆ వారమే వచ్చింది. బి ట్వెల్వ్ ఫరవాలేదు. ఐరన్ మాత్రం అడుగున ఉంది. ఆ తుప్పు మాత్ర ఒక్కరోజు మానకుండా మింగినా అలాగే ఉంది. అమ్మ అలమరలోంచి ఆ కాగితం తెచ్చి మరీ అక్క చేతికిచ్చింది.

అక్క నవ్విన నవ్వు పక్కింటివాళ్ళకు కూడా వినపడి ఉంటుంది. "సుద్ద తిని నువ్వు సాధించిందిదా? ఇంద, ఊరికే ఇస్తున్నాను, తిను." సంచీలోంచి సీసా తీసి ఒక ఎర్రటి జెల్లీబిళ్ళ ఆమె అరచేతిలో పెట్టింది.

అమ్మ చూస్తోంది. అక్క చూస్తోంది. చెల్లెలు దాన్ని నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. ఎంతో కాలంగా తియ్యనిదేదీ ఎరగని నాలుక దాన్ని వదల్లేకపోయింది. అంత రుచిగా ఉన్నందుకు ఆమెకు అక్క మీద ఇంకా కోపం వచ్చింది.

అక్క వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆగింది. గోడ పట్టుకుని, కిందికి చూసుకుంటూ, ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ దిగింది. అమ్మ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడి చూసింది చెల్లెలొక్కతే. రిపోర్టు ఏమైనా చెప్పనీ, ఆ నడక మరోమాట చెబుతోంది.

మర్నాడు ఆమె ఓనరు దగ్గరకు వెళ్ళి, అక్క కాళ్ళకు స్పర్శ లేదని, ఆమెను రోడ్డు మీదకు తీసుకెళ్ళనని, వేరేవాళ్ళ చేత కూడా నేర్పించవద్దని చెప్పింది. ఓనరు అక్కకు ఫోన్ చేసి, డాక్టరు చీటీ తెస్తే తప్ప కారు ఎక్కనివ్వనన్నాడు.

గంటలోపే చెల్లెలికి ఫోన్ వచ్చింది. "నా వెనక కాదు, వచ్చి నా ముఖం మీద చెప్పు," అని పెట్టేసింది అక్క.

చెల్లెలు మధ్యాహ్నం పార్లర్‌కు వెళ్ళింది. లోపల ముగ్గురు కస్టమర్లున్నారు. ఒకావిడ జుట్టుకు రంగు పెట్టుకుని కూర్చుంది. మిగతా ఇద్దరూ తమ వంతు కోసం చూస్తున్నారు. అక్క మూలనున్న పెద్ద కుర్చీలో, చీర మోకాళ్ళదాకా ఎత్తిపెట్టుకుని, రెండు పాదాలూ నీళ్ళ టబ్బులో పెట్టుకుని కూర్చుంది. పక్కనే స్టూలు మీద కరెంటు కెటిల్ ఉంది. తిమ్మిరికి వేడినీళ్ళు మంచివని ఎవరో చెప్పినట్టున్నారు. చెల్లెలు వచ్చేసరికి కెటిల్‌లోని నీళ్ళు టబ్బులోకి వంచుతోంది.

"రా, రా," అంది అక్క కెటిల్ కింద పెడుతూ. "చూడండమ్మా, ఈవిడ నా సొంత చెల్లెలు. నేను కుంటిదాన్నని ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతోంది. రక్తపరీక్షలో నాకన్నీ బాగున్నాయి. దానికే రక్తం లేదు. అయినా ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో చూడండి. కారు నేర్చుకుంటానంటే ఓర్వలేదు. పార్లర్ పెట్టుకుంటానంటే ఓర్వలేదు. నాకు పెళ్ళి కుదిరితే మూడు రోజులు అన్నం మానేసిన మనిషి ఇది!"

"అందుకు కాదు నేను అన్నం మానేసింది."

"ఎందుకైతేనేం! మానేశావుగా. పాపం, చిక్కింది మాత్రం లేదు."

కస్టమర్లలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. చెల్లెలి చెవులు వేడెక్కాయి. వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలనుకుంది. అప్పుడు జుట్టుకు రంగు పెట్టుకున్నావిడ అద్దంలోంచే అంది.

"ఏమండీ, ఆ నీళ్ళేమిటి, అలా పొగలు కక్కుతున్నాయి?"

"ఆ, గోరువెచ్చగా ఉన్నాయి," అంది అక్క.

చెల్లెలు వంగి టబ్బులో వేలు ముంచింది. ముంచిన వేలు దానంతటదే వెనక్కి వచ్చేసింది. రెండు చేతులతో అక్క మోకాళ్ళు పట్టుకుని పాదాలు పైకి లాగింది. చీలమండల దాకా కమిలిన ఎరుపు. కుడిపాదం మీద చర్మం అప్పుడే ఉబ్బి తెల్లగా లేస్తోంది. అక్క ఆ పాదాల వైపు, అవి ఇంకెవరివో అన్నట్టు, నోరు తెరుచుకుని చూసింది.

చెల్లెలిలో మొదట లేచింది జాలి కాదు. చన్నీళ్ళ కోసం పరిగెత్తకముందే, ఎవరినీ సాయం పిలవకముందే, ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "చూశావా?"

అక్క తలెత్తింది. కాలిన పాదాలు చూసుకున్నప్పుడు రాని నొప్పి ఆ ఒక్కమాటకు ఆమె ముఖంలో కనిపించింది.

ఆ తర్వాత చెల్లెలు చేయాల్సినవన్నీ చేసింది. కుళాయి కింద పాదాలు పట్టుకుని కూర్చుంది, తడిగుడ్డ కప్పింది, ఆటో పిలిచింది, బావకు ఫోన్ చేసింది. దారిపొడవునా అక్క ఆటోలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్లు కట్టించి, సూదిమొన ఆనించి చూసింది, కంపనం చూసే ఇనుప కడ్డీ మోగించి చీలమండ మీద పెట్టింది. కళ్ళు మూసుకుని నిలబడమంటే అక్క నిలబడలేక బావ మీద పడిపోయింది.

"ఏం మాత్రలు వాడుతున్నారు?"

బావ సంచీ విప్పి సీసాలన్నీ మంచం మీద పెట్టాడు. రిపోర్టు కూడా పెట్టాడు. డాక్టరమ్మ ముందు రిపోర్టు చూసి కనుబొమలు ముడిచింది. తర్వాత సీసాలు ఒక్కొక్కటే తిప్పి చదువుతూ, జుట్టు కోసం తెప్పించుకున్న సీసా దగ్గర ఆగింది.

"ఇది రోజూ తింటున్నారా? పరీక్ష చేయించుకున్న రోజు కూడా తిన్నారా?"

అక్క తలూపింది.

"ఇందులో బయోటిన్ చాలా పెద్ద మోతాదులో ఉంది. కొన్నిరకాల రక్తపరీక్షలను అది తప్పుదారి పట్టిస్తుంది. లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. ఈ రిపోర్టును నేను నమ్మను. ఇప్పుడే మళ్ళీ రక్తం తీసి, బయోటిన్ తప్పుదారి పట్టించలేని వేరే పద్ధతిలో పరీక్షకు పంపుదాం. కానీ ఇంజెక్షన్లకు మాత్రం ఆగేది లేదు, ఇవాళే మొదలుపెడుతున్నాం." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆపరేషన్‌కు ముందు ఏళ్ళ తరబడి షుగరు మాత్రలు వాడారు కదా. వాటివల్ల మీ ఒంట్లో బి ట్వెల్వ్ నిల్వలు అప్పటికే తక్కువ. అందుకే అంత గట్టిగా చెప్పాం. ఇప్పుడు నరాలు దెబ్బతిన్నాయి. ఎంతవరకు వెనక్కి వస్తాయో నేను మాటివ్వలేను."

అక్క గోడ వైపు చూస్తూ పడుకుంది. డాక్టరమ్మ చెల్లెలి వైపు తిరిగింది.

"మీ కాగితం కూడా చూశాను. ఐరన్ అలా ఎందుకుంది? మాత్రలు ఎలా వేసుకుంటున్నారు?"

"మానకుండా వేసుకుంటున్నాను డాక్టరుగారూ. పొద్దున్నే పాఠాలుంటాయి కదా, మర్చిపోతానేమోనని మూడూ కలిపి ఒకేసారి, టీతో."

"కాల్షియంతో కలిపా? పైగా టీతోనా? రెండూ కొట్టుకుంటాయని చెప్పలేదా మీకు? టీ ఒకటి చాలు ఉన్న ఐరన్‌ను చెడగొట్టడానికి."

మంచం మీద నుంచి అక్క నవ్వింది. గోడ వైపు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వులో ప్రేమ అణువంత కూడా లేదు. బావ కంగారుపడి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. చెల్లెలు బయటికి వెళ్ళి వరండాలో నిలబడింది.

కొన్నాళ్ళకు వచ్చిన ఆ ఫలితంలో బి ట్వెల్వ్ దాదాపు లేదని తేలింది. అక్కకు మొదట రోజూ, తర్వాత వారానికొకటి ఇంజెక్షన్ పడింది. బొబ్బలు మానడానికి చాలాకాలం పట్టింది. ఎడమపాదానికి మెల్లగా స్పర్శ తిరిగి వచ్చింది. కుడిపాదంలో చివరి వేళ్ళు రెండూ మొద్దుగానే మిగిలిపోయాయి. నడవడానికి చేతికర్ర వచ్చింది. పార్లర్‌లో నిలబడే పని వేరేవాళ్ళకు అప్పగించాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో ఉండగానే అక్క ఒక పని చేసింది. తన దగ్గర సీసాలు కొన్నవాళ్ళలో ఇదే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరోజు చెల్లెలు అమ్మను తీసుకుని గదిలోకి వచ్చేసరికి అక్క వాళ్ళలో ఒకావిడతో ఫోన్‌లో మాట్లాడుతోంది.

"లేదమ్మా, మానెయ్యండి. ఇవాళే మానెయ్యండి. నేనే అమ్మాను, నేనే చెప్తున్నాను. మీ డాక్టరు దగ్గరకు వెళ్ళి పరీక్ష చేయించుకోండి. జుట్టుకు వేసుకునేవి ముందు ఆపి, ఆ సంగతి వాళ్ళకు చెప్పి మరీ చేయించుకోండి."

అవతలి గొంతు గుమ్మం దాకా వినపడుతోంది. తిట్లే. అక్క అడ్డం చెప్పలేదు, ఫోన్ పెట్టెయ్యలేదు. ఆవిడ అలిసిపోయేదాకా చెవికి ఆనించుకునే ఉంది. చివరికి, "మీరన్నది నిజమే," అంది. పెట్టేసి, రెండో నంబరు నొక్కింది.

పుట్టినప్పటి నుంచీ అక్క ఎవరి మాటా అంతసేపు వినగా చెల్లెలు చూడలేదు. ఏదో ఒకటి అనాలనిపించింది. అంతలో అమ్మ మంచం పక్కన కూర్చుని, "అంత చదువుకున్న డైటీషియన్ చెప్తే వినొద్దూ?" అని, అన్నాళ్ళూ తనే చెప్పినట్టు మొదలుపెట్టింది.

"అమ్మా, నువ్వు నోరు ముయ్యి," అన్నారు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆసుపత్రి నుంచి పంపించే రోజున బావ ఆటో కోసం వెళ్ళాడు. అక్క చేతికర్ర పొడుచుకుంటూ మందుల దుకాణంలోకి నడిచింది. ఐరన్ సంగతి మళ్ళీ చూపించుకోవడానికి వచ్చిన చెల్లెలు అప్పటికే అక్కడ నిలబడి ఉంది. ఇప్పుడామె టీ మానేసి, కాల్షియాన్ని మధ్యాహ్నానికి, రాత్రికి జరిపింది. సంచీలో కొత్త డబ్బాలున్నాయి.

అక్క దుకాణదారును అడిగింది. "ఈవిడ కొన్నవి కాకుండా ఇంకేమున్నాయి? ఆపరేషన్‌వాళ్ళవి. ఐరన్ ఉండాలి. కాల్షియం సిట్రేటే కావాలి."

ఆయన రెండు మూడు రకాలు బయట పెట్టాడు. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని, డబ్బా వెనక సన్నటి అక్షరాలు వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. చెల్లెలు వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ఒక డబ్బా అక్క పక్కన పెట్టేసినప్పుడు, అది సరైనదేనని చెప్పబోయి ఆగింది. అక్క ఇంకోటి ఎంచుకుంది. డైటీషియన్ రాసిచ్చిన మోతాదులతో సరిచూసుకుంది. అది కూడా సరైనదే.

బయట మెట్ల దగ్గర అక్క ఆగింది.

"నా కాళ్ళు ఉడికిపోతుంటే 'చూశావా' అన్నావు."

"అన్నాను."

"అంత సంతోషమేసిందా?"

చెల్లెలు అబద్ధం చెప్పాలనుకుంది. "ఒక్క క్షణం," అంది.

అక్క తల పంకించింది. "పాదం బాగవుతుందో లేదో డాక్టరుకే తెలీదు. ఆ మాట మాత్రం పోదు."

"నువ్వు నా ఫొటో ఊరంతా పంచావు. అదీ పోదు."

"మంచిది."

బావ ఆటో తెచ్చాడు. మెట్టు దిగేటప్పుడు అక్క కర్ర జారింది. చెల్లెలి చెయ్యి ముందుకు వెళ్ళింది. అక్క ఆ చేతిని మోచేత్తో తోసేసి, రెయిలింగు పట్టుకుని, తనంతట తనే దిగి కూర్చుంది. ఆటో కదిలేటప్పుడు బావ వెనక్కి తిరిగి చూశాడు. అక్క చూడలేదు.

చెల్లెలు బస్టాపు వైపు నడిచింది. డాక్టరమ్మ రాసిచ్చిన తర్వాతి పరీక్ష తేదీ ఇద్దరికీ ఒకటే. వేళ కూడా ఒకటే. మార్చమని చెల్లెలు అడగలేదు. ఆ రోజు వచ్చినప్పుడు తెలిసింది, అక్క కూడా అడగలేదని. మధ్యలో రెండు కుర్చీలు ఖాళీగా వదిలి కూర్చుని, లోపలి నుంచి ముందు ఎవరిని పిలుస్తారా అని ఇద్దరూ తలుపు వైపే చూశారు.